కారు బరువు

“మామిడికాయలు వద్దురా. దెబ్బ తగిలితే మచ్చపడతాయి. మనుషుల్ని ఎక్కించండి,” అన్నాడు బసవపున్నారావు.

ఆయన తోటలో కాయ కోస్తున్న కూలీలు కోత ఆపి చూశారు. ఎక్కడికి ఎక్కాలో, ఎందుకు ఎక్కాలో ఎవరికీ తెలియలేదు.

సంగతి ఇది. ఆయన కొడుకు రత్నబాబు దగ్గర రేసు కారు ఉంది. పోయిన ఏడాది మద్రాసులో కొని గూడ్సు బండిలో తెప్పించుకున్నాడు. ఒక్కడే కూర్చునే కారు. నేలకి జానెడు ఎత్తున ఉంటుంది. నూజివీడు రోడ్ల మీద నడిపితే గంటలో అడుగు ఊడిపోతుంది. అందుకని దాన్ని ట్రైలరు మీద ఎక్కించి, ఆ ట్రైలరుని ఇంకో బండితో లాగించుకుంటూ మద్రాసు దగ్గర షోలవరంలో జరిగే కారు పందేలకి తీసుకెళ్లాలి. పరిగెత్తడానికి పుట్టిన కారుని మోసుకెళ్లాలన్నమాట.

దేనితో లాగించాలన్నదే తండ్రీకొడుకుల తగువు.

“లారీ ఇవ్వు నాన్నా.”

“లారీ నీకిస్తే కాయని బెజవాడ స్టేషనుకి నువ్వు మోస్తావా? ట్రాక్టరు తీసుకెళ్లు.”

“ట్రాక్టరు మీద బయల్దేరితే వచ్చే ఏడు పందేనికి అందుకుంటా.”

కూలీలు నవ్వు బిగబట్టారు.

ఇక మిగిలింది జీపు. ట్రైలర్లు రెండున్నాయి. నాలుగు చక్రాలది గట్టిదే గానీ, ఖాళీగా ఉన్నా జీపు దాన్ని ఈడ్చలేకపోయింది. రెండు చక్రాలది తేలిక. దానికి బ్రేకు లేదు. తోట దాటగానే వచ్చే చాట్రాయి దారి దిగుడులో, కారంత బరువు మీద పడితే, అది జీపు వెనక బుద్ధిగా వస్తుందా, జీపునే తోసేస్తుందా? అది తేలకుండా కారు ఎక్కించడానికి రత్నబాబుకి ప్రాణం ఒప్పలేదు. ముందు కారంత బరువు ఇంకేదైనా వేసి లాగి చూద్దామన్నాడు.

“బరువేగా బాబుగారూ కావాల్సింది. రాళ్లు వేసుకోండి,” అంది పార్వతి. ఆమె మొగుడు పోతురాజు అప్పటికే ట్రైలరు మీద కాలు పెట్టాడు.

“రాళ్లు ఎవరు ఎత్తాలి, ఎవరు దించాలి?” అన్నాడు బసవపున్నారావు. “మనుషులైతే వాళ్లే ఎక్కుతారు, వాళ్లే దిగుతారు.”

ఆ మాటలో తప్పేంటో అక్కడ ఒక్క మగాడికీ కనబడలేదు. ఎండలో కాయ కోసినా కూలే, కూర్చున్నా కూలే. తోసుకుని మరీ ఎక్కారు.

“మావా, దిగు,” అంది పార్వతి.

“ఊరుకోవే. పుట్టి బుద్ధెరిగాక మోటారు ఎక్కానా నేను?”

“ఎద్దుబండికైతే దిగుడులో చక్రానికి మొద్దు అడ్డం వేస్తాం. దీనికేం వేస్తారు?”

“నీ నోరు అడ్డం వెయ్యి చెల్లెమ్మా, ఏ బండైనా ఆగుద్ది,” అన్నాడు పోతురాజు పక్కనున్న వీరయ్య. ట్రైలరంతా గొల్లున నవ్వింది.

రత్నబాబు చుట్టూ తిరిగి చూశాడు. “అలా కాదురా. కారుకి ఇంజను వెనకాల ఉంటుంది. లావుపాటి వాళ్లు వెనక్కి జరగండి.”

“ఇంజను వెనకాలా? ఎద్దుల్ని బండి వెనక కట్టినట్టా బాబుగారూ?” అన్నాడు వీరయ్య.

“నీకెందుకు? జరుగు.”

జరిగారు. పోతురాజు అందరికంటే చివర, కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు.

పార్వతి వెళ్లి జీపు ముందు నిలబడింది. “మా ఆయన్ని దింపితే గానీ తప్పుకోను.”

రత్నబాబు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. మళ్లీ కొట్టాడు. అప్పుడు పోతురాజే దిగాడు. వచ్చి పెళ్లాం రెక్క పట్టుకుని పక్కకి ఈడ్చాడు. “బాబుగారి ముందు నా పరువు తీస్తావా?” అని చెయ్యెత్తాడు. కొట్టలేదు. వెళ్లి మళ్లీ తన చోట కూర్చున్నాడు.

జీపు కదిలింది. తోట దాటేదాకా బాగానే వెళ్లింది. దిగుడులో పడ్డాక ముందు నవ్వులు వినబడ్డాయి. తర్వాత కేకలు. ట్రైలరు తోక తొక్కిన పాములా అటూ ఇటూ కొట్టుకుంది. రత్నబాబు బ్రేకు తొక్కే కొద్దీ జీపుని వెనకనించి తోసింది. కొక్కెం ఊడింది. ట్రైలరు గట్టెక్కి, మామిడి మొద్దుకి గుద్దుకుని, మనుషుల మీదే బోర్లా పడింది.

పార్వతి పడుతూ లేస్తూ దిగుడంతా పరిగెత్తింది. ఒకడు తల నుంచి నెత్తురు కారుతుంటే ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు. వీరయ్య చెయ్యి వేలాడుతోంది. ఇనుము కింద పోతురాజు. నలుగురూ ట్రైలరు ఎత్తి అతన్ని బయటికి లాగారు. మోకాళ్ల కింద చూసినవాళ్లు మొహం తిప్పుకున్నారు.

రత్నబాబు జీపు పక్కన నిలబడి ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. పార్వతి సరాసరి వెళ్లి అతని కాలరు పట్టుకుంది. ఆ తోటలో అంతవరకూ యజమాని చొక్కా మీద కూలీ చెయ్యి పడలేదు. దెబ్బలు తిన్నవాళ్లు దెబ్బలు మర్చిపోయి అది చూశారు.

“మనుషులయ్యా వాళ్లు,” అంది. “మనుషులు.”

రత్నబాబు వెనక్కి తగ్గబోయి జీపుకి ఆనుకుపోయాడు.

పోతురాజు కళ్లు తెరిచాడు. తన కాళ్ల వంక చూసుకోలేదు. పెళ్లాం గుప్పిట్లో ఉన్న కాలరు చూశాడు. మోచేతుల మీద లేవబోయి లేవలేకపోయాడు.

“వదలవే పార్వతీ, బాబుగారు అసలే బెదిరిపోయారు,” అన్నాడు. “ఇంకా నయం, కారు ఎక్కించలేదు.”