విరిగిన నిద్రగన్నేరు

"తప్పుకోండి మేస్టారూ. దీన్ని నరికితే గానీ ఈ వీధిలో ఎవరికీ కంటి మీద కునుకుండదు," అన్నాడు బుల్లబ్బాయి, భుజం మీది గొడ్డలి దించుతూ.

శాంతిరాజు చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డాడు. అతను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. యానాం వచ్చి ఏడాది కూడా కాలేదు. ఊళ్ళలో రోడ్డు పక్క చెట్లు ఎలా బతుకుతాయి, దెబ్బతిన్నవాటిని ఎలా నిలబెట్టుకోవాలి అన్నది అతని పరిశోధన. ఆ నవంబరు తుపానుకి అతనుండే ఫరంపేటలో చెట్లన్నీ కూలిపోతే, ఈ నిద్రగన్నేరు మాత్రం ఒక పెద్దకొమ్మ పోగొట్టుకుని, పక్కకి ఒరిగి నిలబడింది.

"వేళ్ళు పట్టే ఉన్నాయి. బతుకుతుంది."

"బతక్కూడదండి. ఆ కొమ్మ ఓ పిల్లోణ్ణి పొట్టన పెట్టుకుంది. తెలుసా మీకు?"

తెలుసు. తుపాను రోజున బడి పిల్లాడొకడు కొమ్మ మీద పడి చనిపోయాడని విన్నాడు. ఎవరి పిల్లాడో అడిగే ధైర్యం మాత్రం అతనికి చాలలేదు.

"ఉండనీ బుల్లబ్బాయ్," అంది వెనక నుంచి ఒక గొంతు.

ఎదురింటి ఆనందమ్మ బిందెతో నిలబడి ఉంది. బుల్లబ్బాయి ఆమెను చూశాడు. గొడ్డలి భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. వెంట వచ్చినవాళ్ళూ తలలు వంచుకుని కదిలారు.

శాంతిరాజు ఆశ్చర్యపోయాడు. నెరిసిన జుట్టు, తెల్లచీర. చర్చిలో పెద్దావిడ అయ్యుంటుంది, అందుకే ఇంత మన్నన అనుకున్నాడు.

"ఏం చేస్తే బతుకుద్దండి ఇది?" అని అడిగింది ఆనందమ్మ.

"తుపానుకి పొంగిన ఏటి ఉప్పునీరు వేళ్ళలోకి దిగిందమ్మా. మంచినీళ్ళు పోస్తూ ఆ ఉప్పు కడిగెయ్యాలి. మిగతాది నేను చూసుకుంటాను."

అతను కొమ్మ విరిగిన చోట చీలికలు రంపంతో నునుపు చేసి, మైలుతుత్తం, సున్నం కలిపి పూశాడు. ఒరిగిన వైపు సరుగుడు బాదులు ఆసరా పెట్టాడు. లేచిపోయిన వేళ్ళ మీద మట్టి ఎగదోయించాడు. నీళ్ళు మాత్రం ఆనందమ్మే పోసేది. పొద్దున్నే కుళాయి దగ్గర వరసలో నిలబడి, మొదటి బిందె చెట్టుకి పోశాకే రెండోది ఇంట్లోకి తీసుకెళ్ళేది. అతను వద్దన్నా వినలేదు.

ఒకరోజు చెట్టు గాయానికి మందు పూస్తూ శాంతిరాజు అడిగాడు.

"ఆ పిల్లాడి తల్లి ఈ వీధిలోనే ఉంటుందా అమ్మా?"

"ఉంటదండి."

"నేను ఈ చెట్టుకి సేవలు చేస్తుంటే ఆవిడ కడుపు రగిలిపోతూ ఉంటుంది. ఎవరైనా ఆడమనిషి ఇటు వస్తే నాకు గుండె దడ. ఆవిడేనేమో, ఏం అడుగుతుందో అని."

"కోపం ఉంటే ఈపాటికి వచ్చేదండి," అంది ఆనందమ్మ. బిందె తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

క్రిస్మస్ వచ్చింది. వీధిలో అన్ని ఇళ్ళకీ కాగితం నక్షత్రాలు కట్టారు. ఆనందమ్మ గుమ్మానికి మాత్రం ఏమీ లేదు. ఒంటరి మనిషి కదా, ఎవరు కడతారు అనుకున్నాడు శాంతిరాజు. మరుసటి వారం అతను అరిసెలు తెచ్చిస్తే తీసుకుంది గానీ నోట పెట్టలేదు.

ఎండలు ముదరకముందే, విరిగిన చోటికి కాస్త కింద, బెరడు చీల్చుకుని ఎర్రటి చిగురు వచ్చింది. శాంతిరాజు రోడ్డు దాటి వెళ్ళి తలుపు కొట్టాడు.

ఆనందమ్మ వచ్చి చిగురు వంక చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు.

"ఇక తప్పించుకోలేనమ్మా," అన్నాడు శాంతిరాజు. "ఆ తల్లి దగ్గరికి నన్ను తీసుకెళ్ళండి. ఆవిడ వద్దంటే నా పరిశోధన పోయినా సరే, దగ్గరుండి నేనే కొట్టించేస్తాను."

ఆనందమ్మ చెట్టు మొదట్లో కూలబడింది.

"ఆ రోజు విరిగినవి రెండండి," అంది. "పిల్లోణ్ణి రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఏం చేస్తే బతుకుతాడు బాబూ అని డాక్టరు గారి కాళ్ళు పట్టుకుంది ఆ తల్లి. చెప్పడానికి ఆయన దగ్గర ఏం లేదు. దుప్పటి కప్పేశారు. దీనికైతే నీళ్ళు పొయ్యమని మీరు చెప్పారు."

శాంతిరాజుకి ఆమె గొంతులో ఏదో తేడా తోచింది.

"మీరూ అక్కడే ఉన్నారా అమ్మా?"

ఆమె తలెత్తింది.

"వాడు నా కొడుకండి."