చిల్లు లేని బిళ్ల

"పన్నెండు బిళ్లల్లో పదకొండింటికే చిల్లుంది. పన్నెండోదాని సంగతేంటి?"

హార్లన్ తలుపు తీయగానే డెల్మర్ అడిగిన మొదటి మాట అది. బూట్ల మీది మంచు కూడా దులుపుకోలేదు. చేతిలో, బిళ్లలు సేకరించేవాళ్ల క్లబ్బుకు హార్లన్ పంపిన ఫోటో.

"లోపలికి రా, ముందు కాఫీ తాగు."

"కాఫీకేం తొందర? ఇది చూడు. పై వరస, కుడిచేతి వైపు చివరిది."

హార్లన్ చూడలేదు. ఆ బిళ్లలు చేయించింది అతనే. పేకాటలో డబ్బుకు బదులు వాడే పచ్చటి పోకర్ బిళ్ల, అంచున ఇరవై అయిదు డాలర్ల అంకె, మధ్యలో పడవ, పడవలో గాలాలు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు. కొత్త బిళ్లలు చేయించుకున్నవాళ్లు క్లబ్బులో మిగతావాళ్లకు తలా ఒక శాంపిల్ పంపడం ఆనవాయితీ. పంపే ముందు డ్రిల్లుతో చిల్లు పెట్టి తీరాలి. లేదంటే ఎవడో ఒకడు దాన్ని జేబులో వేసుకొచ్చి, మన ఇంట్లో మన ఆటలోనే కూర్చుని, అసలు బిళ్లల్లో కలిపేసి ఇరవై అయిదు డాలర్లు పట్టుకుపోతాడు. అలా జరక్కుండా ఫోటోలు తనిఖీ చేసే పని డెల్మర్‌ది. కాపలా కుక్కయినా కాసేపు కునుకు తీస్తుందేమో గానీ డెల్మర్ తీయడు.

"మర్చిపోయాను," అన్నాడు హార్లన్.

"నువ్వా? ఆటకు ముందు బిళ్లలు మూడుసార్లు లెక్కపెట్టే మనిషివి, నువ్వు మర్చిపోయావా? నా చెవిలో పువ్వులు పెట్టకు."

"వయసైపోతోంది రా."

"నాకూ అవుతోంది. ఎవరికి పంపావు దాన్ని?"

హార్లన్ కాఫీలో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. అందులో చక్కెర లేదు, పాలు లేవు.

"ఫార్గోకి," అన్నాడు చివరికి.

డెల్మర్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ఫార్గోలో క్లబ్బు మనిషి ఒక్కడే ఉన్నాడు.

"మీ అర్విడ్‌కా? మీ తమ్ముడు నీతో మాట్లాడి ఆరేళ్లు కాలేదూ?"

"ఆరేళ్ల నాలుగు నెలలు."

"ఒరే హార్లన్, ఈ చిల్లు రూలు పెట్టిందే వాడు కదరా! అది చూస్తే వాడికి ఒళ్లు మండిపోదూ?"

"మండాలి."

"ఏంటీ?"

"ఒళ్లు మండాలి. కారెక్కి వచ్చి ఆ బిళ్ల నా మొహాన కొట్టాలి. ఎంత దూరం, రెండున్నర గంటల దారి. తిట్టడానికైనా వస్తాడుగా!"

డెల్మర్ కసురుకున్నాడు.

"ఫోన్ చెయ్యొచ్చుగా, మొద్దు వెధవా!"

"ఎత్తడు. ఉత్తరాలు రాస్తే విప్పకుండా వెనక్కి పంపుతాడు. క్లబ్బు ముద్రతో శాంపిల్ వెళ్తే మాత్రం తీసుకుంటాడు. బిళ్లంటే వాడికి ప్రాణం." హార్లన్ చెంచా కింద పెట్టాడు. "నాకు వాణ్ణి చూడాలనుంది, డెల్మర్. అంతే. ఇంకేం లేదు."

డెల్మర్ ఫోటోను నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు. పాతికేళ్లలో ఒక్క తప్పు కూడా వదలని మనిషి.

"నా కళ్లజోడు సరిగ్గా లేదు. అన్నిటికీ చిల్లులున్నట్టే కనబడుతోంది," అని లేచి వెళ్లిపోయాడు.

శనివారం మధ్యాహ్నం ఎప్పటిలాగే ఆట. ఆడేవాళ్లు ఆరుగురు, హార్లన్ వేసినవి ఏడు కుర్చీలు. పొయ్యి మీద కోడిమాంసం వేసిన అడవి బియ్యం సూపు కాగుతోంది. అర్విడ్‌కు ప్రాణమైన సూపు. ఏడో కుర్చీ ఎవరికని ఒకరు అడగబోతే డెల్మర్ బల్ల కింద కాలితో తన్నాడు. చీకటిపడేదాకా ఎవరూ రాలేదు. మిగిలిన సూపు హార్లన్ మూడు రోజులు తిన్నాడు.

మరుసటి శనివారం మళ్లీ సూపు, మళ్లీ ఏడో కుర్చీ. రెండో పంపకం జరుగుతుండగా బయట మంచు నలుగుతూ బండి ఆగిన చప్పుడైంది. హార్లన్ చేతిలో ముక్కలు బల్ల మీద వెల్లకిలా పడిపోయాయి. రెండు రాజులు! అందరూ చూస్తున్నా అతనికి పట్టలేదు. చొక్కా గుండీలు సవరించుకుంటూ పరుగులాంటి నడకతో తలుపు దగ్గరికి వెళ్లాడు.

అది పోస్టు బండి.

పోస్టావిడ చిన్న కవరు చేతిలో పెట్టి, సూపు వాసన అదిరిందని మెచ్చుకుని వెళ్లిపోయింది. కవరు మీద ఫార్గో ముద్ర. అర్విడ్ చేతిరాత. ఆరేళ్ల తర్వాత ఆ చేతిరాతలో తన పేరు! హార్లన్ దాన్ని విప్పకుండా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇటివ్వు," అని డెల్మర్ తీసుకుని చించాడు. పచ్చ బిళ్ల జారి బల్ల మీద పడింది. పడవకు పైన, ఆకాశంలో, కుర్రాళ్లిద్దరిలో ఎవరికీ తగలకుండా నున్నగా చిన్న చిల్లు.

కవర్లో ఒక చీటీ కూడా ఉంది. డెల్మర్ పైకి చదవడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. మిగతాది హార్లన్ తనే చదువుకున్నాడు.

"అన్నయ్యా, దీనికి చిల్లు పెట్టడం మర్చిపోయావు. నేనే పెట్టాను. ఇక నిశ్చింతగా ఉండు, దీన్ని పట్టుకుని నీ బల్ల దగ్గరికి ఎవరూ రాలేరు."