కుంటలో పాచి

ద్వాలికి అన్నిటికన్నా పెద్ద భయం, సోనిని తన దగ్గర్నుంచి తీసుకుపోతారని. జూలూరుపాడు దగ్గరి తండా నుంచి ఖమ్మం దాకా బస్సులో ఆ భయంతోనే వచ్చింది. ఇప్పుడు కంటి ఆసుపత్రిలో, డాక్టర్ శ్యామల గదిలో, రెండేళ్ల కూతుర్ని ఒళ్లో బిగించి పట్టుకుని కూర్చుంది. పక్కన భర్త జైరాం. గోడకు ఆనుకుని అత్త.

“సాయంత్రం బస్సుకు మధిర పోతున్నం మేడం,” అన్నాడు జైరాం. “సోని ఇగ మా అక్క కాడ ఉంటది. పోయిన వారం గడప దాటి రోడ్డెక్కింది. ట్రాక్టరాయన బిరేకు తొక్కకపోతే ఏమయ్యేది? నేను కూలికి పోతే చూసేదెవరు?”

“నేను లేనా?” అంది ద్వాలి.

“నువ్వుండంగనే కదా రోడ్డెక్కింది,” అత్త అందుకుంది.

ద్వాలి డాక్టరు వైపు తిరిగింది. “మీరు చెప్పండి మేడం. అందరికీ ఇనపడేటట్టు.”

శ్యామల గొంతు పెంచింది. “కంట్లో వెలుగును పట్టే కణాలు చచ్చిపోయాయి. వాటి పక్క కణాలు బతికే ఉన్నాయి కానీ, వాటికి వెలుగు తెలియదు. కుంట నీళ్లను పచ్చగా చేసే పాచి ఉంటుంది చూడండి, అందులో ఒక రకం వెలుగు ఎటుంటే అటు ఈదుతుంది. దాన్ని అలా నడిపే ప్రోటీన్ ఒకటుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును సూదితో కంట్లోకి పంపుతాం. అది కుదిరితే, బతికున్న కణాలే వెలుగు తగలగానే మేల్కొంటాయి.”

“కంట్ల సూదా! కుంటల పాచా!” అత్త నెత్తి కొట్టుకుంది. “రేపు కప్పల్ని గూడ పెడ్తరు.”

“నువ్వు ఆకుపసరు పోసినప్పుడు ఏడుపుకు తండా అంతా లేచింది అత్తా. గప్పుడు రాని భయం గిప్పుడొచ్చిందా?”

జైరాంకు నవ్వొచ్చింది. తల్లి ఉరిమి చూడగానే మింగేశాడు.

“ఖాయంగ చూపొస్తదా మేడం?” అని అడిగాడు.

“ఖాయం అనను. ఇది ఇంకా ప్రయోగమే. కన్ను వాయవచ్చు. ఏమీ మారకపోవచ్చు. మారినా, ప్రత్యేకమైన కళ్లద్దాలతో నెలల తరబడి సాధన చేయాలి. అప్పుడు తలుపెటుందో, ఎదురుగా ఏం కదులుతోందో తెలియవచ్చు. ముఖాలు గుర్తుపట్టేంత చూపు మాత్రం ఆశించొద్దు.”

ద్వాలి సోని బుగ్గలు, పెదాలు నిమిరింది. కొత్తగా మొలిచిన పన్ను వేలికి గరుగ్గా తగిలింది.

“మొఖాలు తెలవకపోతే మానె,” అంది. “తలుపు కాడ కదులుడు తెలిస్తే చాలు.”

“నేనొప్పుకోను!” జైరాం లేచాడు. “ఉన్న కన్ను గూడ వాచి చెడిపోతే?”

“చెడనీకి ఇంకేం మిగిలింది? అయినా నువ్వొప్పుకునేదేంది? సంతకం నాది.”

“అవును, ద్వాలి సంతకమే కావాలి,” అంది శ్యామల. “మధ్యలో ఎప్పుడు వద్దన్నా ఆపేస్తాం.”

ద్వాలి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. “ఆ కాగితం ముక్క వదలకుండ చదవండి మేడం. కీడు రాసిన కాడ రెండుసార్లు చదవండి.”

శ్యామల చదివింది. కీడు రాసిన చోట రెండుసార్లు చదివింది.

“ఏలిముద్ర ఎయ్యి, అయిపోతది,” అని అత్త గొణిగింది.

“నాకు పేరు రాయొస్తది.” ద్వాలి పెన్ను అడిగి తీసుకుంది. అక్షరాలు గీత దాటి పైకి ఎగబాకాయి. “మధిర బస్సును పోనియ్యి,” అంది భర్తతో. “నా బిడ్డ యాడికీ రాదు.”

జైరాం బట్టల సంచిని కుర్చీ కిందికి తోసి, మళ్లీ కూర్చున్నాడు.

“పరీక్షలు ఈరోజే మొదలుపెడదాం,” అంటూ శ్యామల బెల్లు నొక్కింది. అప్పుడే డ్యూటీకి వచ్చిన నర్సు చుక్కలమందు పట్టుకొచ్చి, సోని గడ్డం పట్టి తల పైకెత్తింది. సోని కెవ్వుమంది.

ద్వాలి ఆ చేతిని పట్టి ఆపింది.

“పాపను జర చూస్తుండండి సిస్టర్, చూపు లేనిది నాకు.”