పదిహేడు ధూళి వలయాలు

"ఇదేం నలుపు మామా? పొయ్యిలకెల్లి తీసిన బూడిద లెక్కున్నది!"

మౌనశ్రీ గొంతు ఆమెకు తెలియకుండానే హెచ్చింది. బీదరు పాత బజారు సందులో, నల్ల లోహంలో వెండి పొదిగే దయానంద్ బిద్రీ దుకాణంలో నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం ఇంకా వెచ్చగానే ఉంది. నడుమ రెండు వెండి చుక్కలు, వాటి చుట్టూ పదిహేడు వెండి వలయాలు. ఆ చెక్కుడు పని చూస్తే కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది. కానీ బిద్రీ పళ్ళెమన్నాక వెండి చుట్టూ కాటుక నలుపు ఉండాలా, వద్దా? ఇక్కడ అంతా వెలిసిపోయిన రంగు, అక్కడక్కడా మచ్చలు. ఇది వరుసగా మూడోసారి.

రేపు హైదరాబాదులో ఆమె సారు రిటైరవుతున్నారు. ఒకే ఒక్క నక్షత్రాల జంటను పట్టుకుని ముప్పై ఏళ్ళు పరిశోధన చేసిన మనిషి. శిష్యులందరి తరఫునా ఆయన చేతిలో ఈ పళ్ళెం పెట్టాలి. నాలుగింటి బస్సు తప్పిందా, ఇక అంతే సంగతులు. ఇప్పుడు రెండు దాటింది.

"మన్ను ఖరాబున్నది బిడ్డా" అన్నాడు దయానంద్, తల ఎత్తకుండా. "ఇంకో మన్నుల ఉడకవెడ్త."

ఎండా వానా తగలని కోట లోపలి మన్ను అది. నవసాగరం కలిపి నీళ్ళలో మరగబెట్టి పళ్ళెం ముంచితే, వెండి వెండిలాగే ఉంటుంది, మిగతాదంతా నల్లబడుతుంది. అలాగని ఏ మన్ను పడితే ఆ మన్ను పనికిరాదు. చిటికెడు నాలుక మీద వేసుకుని చూడాలి. బీదరు పనివాళ్ళందరికీ నాలుకలున్నాయి గానీ, నాలుకంటే దయానంద్‌దే అంటారు. ఆయన సరేనన్న మన్ను ఒక్కసారి కూడా తప్పలేదట!

అలాంటి మనిషికి ఇప్పుడేమైంది? భార్య రాజవ్వ పోయి నలభై రోజులైంది. పాపం, ఆ దిగులుకి సగమైపోయాడు. అది తెలుసు గనకే మౌనశ్రీ మొదటి రెండుసార్లూ నోరెత్తలేదు. మనసు పని మీద లేదు, నాలుగు రోజుల్లో కుదురుకుంటాడులే అనుకుంది.

దయానంద్ మూడు మన్ను పొట్లాలు విప్పాడు. మొదటి దాంట్లోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత రెండోది, మూడోది. మళ్ళీ మొదటిది.

"ఎట్లున్నది మామా?"

"జర ఉండు."

ఆయన మళ్ళీ రెండో పొట్లం అందుకున్నాడు. మౌనశ్రీ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఎదురు దుకాణం జాకబన్నను పిలుద్దమా? ఆయన ఒకపారి నాకి చెప్తడు."

"ఎవడు, జాకబా?" దయానంద్ కస్సుమన్నాడు. "వాడే మన్ను వట్టుకొని నా తానికొస్తడు. ఇయ్యాల నేను వాని తానికి పోతె నా ఇజ్జత్ ఏం గావాలె?"

మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా! మౌనశ్రీకి కోపం వచ్చింది, అంతలోనే జాలీ వేసింది. ముక్కాలిపీట మీద కూలబడింది.

కాసేపటికి ఆయనే మెత్తబడ్డాడు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వేలితో ఒక్కో వలయాన్నీ తడిమాడు.

"నెల సంది చెక్కుతున్న గని, ఈ చుట్లేందో అడగనే లేదు బిడ్డా."

"అది దుమ్ము మామా. నడుమ రెండు చుక్కలు రెండు నక్షత్రాలు. అండ్ల ఒకటి ముసలిది, వుల్ఫ్-రాయే నక్షత్రమంటరు. మన సూర్యుని అసొంటియి పది గలిపినంత బరువు. పైపొరలన్నీ ఊడగొట్టుకున్నది, ఇగ ఎక్కువ కాలముండది. దాని గాలంత అగ్గే. ఆ అగ్గిల దుమ్ము పుట్టనే పుట్టది."

"మరి గిన్ని చుట్లెట్లొచ్చినయ్?"

"ఎనిమిదేండ్లకోపారి రెండో నక్షత్రం దగ్గరికొస్తది. రెండింటి గాలులు గుద్దుకుంటయి. నలిగి, సల్లారి, మసి అసొంటి దుమ్మయితది. అదొక చుట్టు లెక్క బయటికి పోతనే ఉంటది. ఇప్పటికి పదిహేడు కనవడ్డయి. అసొంటి దుమ్ములకెల్లే కొత్త నక్షత్రాలు, మన భూమి అసొంటియి పుడ్తయి."

"రెండోది రాకుంటె?"

"రాకుంటె ఏముంటది మామా? ఒక్కదాంతోని కాదు."

దయానంద్ చెయ్యి ఆగిపోయింది. ఆ రెండు చుక్కల్నే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళ నిండా నీళ్ళు. తుడుచుకోవాలని కూడా తోచలేదు. అనకూడని మాటేదో అన్నానేమోనని మౌనశ్రీ భయపడింది.

"తీస్కపో" అన్నాడాయన, పళ్ళెం ఆమె చేతికిస్తూ. "జాకబ్ తానికే పో. ఆని పొయ్యి మీదనే పెట్టియ్యి. ఇగ నాతోని కాదు."

"గదేం మాట మామా! నీ అసొంటి నాలుక బీదర్ల ఇంకోటి లేదని జాకబన్ననే అంటడు. రాజవ్వత్త మీద దిగులుతోని గిట్లంటున్నవు. నా కోసమన్న ఇంకొక్కపారి నాకి చూడు."

దయానంద్ చిటికెడు మన్ను తీశాడు. తన నోట్లో వేసుకోలేదు. ఆమె ముందుకు చేయి చాపాడు.

"నువ్వే నాకి చెప్పు బిడ్డా. ఇరవై ఏండ్ల కింద జరమొచ్చి నా నాలుక సచ్చిపోయింది. ఆనాటి సంది ఏది మంచి మన్నో నాకి చెప్పింది మా రాజవ్వ."