మూతల డబ్బా

"పంపు ఆపకు వదినా, చుక్క మిగలకుండా తోడెయ్యాలి. రేపట్నుంచి గడ్డకట్టే చలట!" అన్నాడు డ్వేన్. "అన్నయ్య ఉన్నన్నాళ్లూ అలాగే చేసేవాడు."

మార్లిస్ పంపు ఆపేసింది. పెరటి ఈత కొలనులో నీళ్లు గోడ గొట్టాలకు జానెడు దిగువన నిలిచాయి.

"మొత్తం తోడితే నేల అడుగున ఊరే నీళ్లు ఖాళీ కొలనునే పైకెత్తేస్తాయి. గొట్టాలు గడ్డకట్టి పగలకుండా, వాటిల్లోకి గాలి కొట్టి నీళ్లు తోసేసి మూతలు బిగిస్తే చాలు."

"నీకేం తెలుసు? పదిహేడేళ్లు చేసింది అన్నయ్య!"

ఆమె రబ్బరు మూతల డబ్బా తెరిచి అతని ముందు పెట్టింది. డబ్బా లోపలి గోడ మీద వరసగా, కొలను మూసిన రోజులు, ఏడాదికొకటి చొప్పున పదిహేడు తారీఖులు. అన్నీ ఆమె చేతిరాతే.

"మరి అన్నయ్య?"

"కొలను పక్కనున్న ఆ కుర్చీలో కూర్చుని, బీరు తాగుతూ సలహాలిచ్చేవాడు. ఇప్పుడు నువ్విచ్చావే, అలాంటివే."

కుర్చీలో కూలబడబోయిన డ్వేన్ ఆగిపోయాడు. "నన్నేం చెయ్యమంటావు?"

"కొలను మీద కప్పాలి, ఈ పరదా ఆ కొస పట్టుకో. ఆ కుర్చీలో మాత్రం కూర్చోకు, మళ్లీ సలహాలు మొదలవుతాయి."