పడవలో చోటు

"చూడండర్రా ఈ దొరగారి పోజు!" అన్నాను మనవలిద్దరితో.

మా రేవుపట్నం కెథడ్రల్ చర్చి గోడకి చలవరాతి నౌకాదళ అడ్మిరల్ కత్తి దూసి అలల మీద నిలబడి ఉన్నాడు. పక్కన రెక్కల దేవత ఆయన నెత్తిన ఆకుల కిరీటం పెడుతోంది.

"పెద్ద వీరుడా నానమ్మా?" అంది మనవరాలు టామ్సిన్.

"వీరుడా, వాడి మొహం! ఓడకి ముందు రాళ్ళున్నాయని కాపలావాడు గొంతు చించుకుంటుంటే, భోజనం దగ్గర్నించి లేవలేదట. ఓడ పగిలాక మొదటి పడవెక్కి కూర్చున్నది మాత్రం ఈయనే. బూట్లు కూడా తడవలేదు. మిగతావాళ్ళంతా మునిగిపోయారు. ఈయన ఇంటికొచ్చి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, మెత్తటి పరుపు మీద పోయాడు. ఇలాంటివాడికి కిరీటమట, సిగ్గులేకపోతే సరి!"

చిన్నవాడు బొమ్మకి నాలుక చూపించి కిసకిసా నవ్వాడు. నా ప్రాణానికి హాయిగా ఉంది.

కింద ఇత్తడి పలక మీద పేరు అరిగిపోయి కంటికి ఆనడం లేదు. ఇక్కడికొచ్చే పిల్లలందరిలాగే టామ్సిన్ దాని మీద కాగితం పరిచి, నల్లటి మైనం ముక్కతో రుద్దింది. అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. పెన్‌రోజ్.

"మన ఇంటిపేరే!"

"మీ తాతకి ముత్తాత. నా పుట్టింటివాళ్ళలో ఇలాంటివాళ్ళు లేరు" అన్నాను మూతి తిప్పుతూ.

టామ్సిన్ ఆ నల్లటి చేత్తోనే తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుంది.

"అయితే నానమ్మా, ఆయన ఆ పడవెక్కకపోతే వీడూ నేనూ పుట్టేవాళ్ళమే కాదు కదా?"