బూరుగు దూది

పొలం గట్టుకి అటూ ఇటూ ఉన్న ఎలుకలకి ఒకరంటే ఒకరికి పడదు. ఎదుటివాళ్ల కలుగులు కనిపెట్టడానికి చెరో తీతువు పిట్టని ఆకాశంలో తిప్పుతున్నాయి.

"వాళ్ల పిట్టకి ఏమీ కనబడకూడదు," అని తూర్పు ఎలుకల పెద్ద చుంచయ్య గట్టు మీది బూరుగు చెట్టు కాయలన్నీ కొరికించాడు. దూది లేచి ఆకాశమంతా కమ్మేసింది.

"అయ్యా, నాకూ కనబడట్లేదు," అంది సొంత పిట్ట.

"దిగుతుందిలేవే," అన్నాడు చుంచయ్య.

దూది దిగలేదు. ఎండాకాలం వచ్చి ఎండుగడ్డికి నిప్పంటుకుంది.

"పొగ వాసన! ఎటు నుంచో తెలియట్లేదు!" అని రెండు పిట్టలూ అరిచాయి.

తూర్పు ఎలుకలు పడమటికీ, పడమటి ఎలుకలు తూర్పుకీ పరిగెత్తి గట్టు మీద ఢీకొన్నాయి.

"మీ వైపు కూడా మంటేనా?" అన్నాడు చుంచయ్య.

అప్పుడే పైన దూది అంటుకుంది.